ఎనిమిదేళ్లకే బాప్తిస్మం: అది పిల్లాడి నిర్ణయమా, మనదా?

ఇద్దరు పిల్లల అమ్మ, హైదరాబాద్

మాది యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం. బయటివాళ్లు మోర్మన్లు అంటారు. దేశంలో మా సంఘానికి మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, 2012లో ఇక్కడ హైదరాబాద్‌లోనే ఏర్పడింది. అయినా మా రెండు వైపుల చుట్టాల్లో ఈ సంఘానికి వెళ్లేది మేమే.

మా పెద్దోడికి వచ్చే నెల ఎనిమిదేళ్లు నిండుతాయి. మేము చంటిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం. ఎనిమిదేళ్లు వచ్చాక బిషప్ గారు, అంటే మా స్థానిక సంఘం పెద్ద, పిల్లాడితో మాట్లాడి, సరే అనుకుంటే నీళ్లలో పూర్తిగా ముంచి ఇస్తారు. మా ఆయన చేతుల మీదుగానే జరగాలని మా ఇద్దరి కోరిక.

మా అత్తమ్మది గుంటూరు, లూథరన్ సంఘం. వీడు పుట్టిన దగ్గర్నుంచీ ఆమెకు ఒకటే బెంగ: "పిల్లాణ్ణి ఇన్నేళ్లు బాప్తిస్మం లేకుండా ఉంచారేంటమ్మా" అని. మా పుట్టింటివాళ్లు బాప్టిస్టులు. మా అన్నయ్య సరిగ్గా దానికి తిరగేసి అంటాడు: "ఎనిమిదేళ్లోడికి పాపం అంటే ఏం తెలుసే? వాడికి పదహారు రానీ." ఒకరికేమో ఆలస్యం, ఒకరికేమో తొందర. ఇన్నాళ్లూ ఇద్దరికీ ఓపిగ్గా జవాబు చెప్పుకుంటూ వచ్చాను.

మొన్న సోమవారం సాయంత్రం మా ఫ్యామిలీ హోమ్ ఈవెనింగ్ అయ్యింది. పాట, ప్రార్థన, చిన్న పాఠం, తర్వాత తినడానికి ఏదైనా. అంతే మాది. చిన్నది నా ఒళ్లో నిద్రపోయింది. అప్పుడు వీడు అడిగాడు: "అమ్మా, నేను బాప్తిస్మం తీసుకోకపోతే నువ్వు ఏడుస్తావా?"

"లేదు నాన్నా" అన్నాను. అది నిజం కాదని వాడికి నా మొహం చూస్తేనే తెలిసిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు దేవుడి కోసం నీళ్లలోకి దిగుతున్నాడా, నా కోసమా? మీరంతా ఏమంటారు?

ప్రైమరీ టీచర్, విశాఖ

సిస్టర్, ఎనిమిదేళ్లనేది మనం పెట్టుకున్న లెక్క కాదు. మన లేఖనాల్లో ఒకటైన సిద్ధాంతము మరియు నిబంధనలు 68వ ప్రకరణంలో, 1831లో వచ్చిన ఆ మాట స్పష్టంగా ఉంది. నేర్పకపోతే ఆ పాపం తల్లిదండ్రుల తల మీదే ఉంటుందని కూడా అక్కడే ఉంది. చంటిపిల్లలకు బాప్తిస్మం అక్కర్లేదని, వాళ్లు క్రీస్తులో ఇప్పటికే సజీవులని మోర్మన్ గ్రంథంలో మొరోనై 8వ అధ్యాయం చెబుతుంది. మీ అత్తమ్మగారి బెంగకు జవాబు అదే. ఆమెకు అది చదివి వినిపించండి.

ఇక మీ అన్నయ్యగారి మాట. నేను చెప్పే ప్రైమరీ, అంటే సంఘంలో పిల్లల తరగతిలో ఏడేళ్ల పిల్లలకు అబద్ధం చెబితే లోపల ఎలా ఉంటుందో తెలుసు. తమ్ముణ్ణి కొట్టి "నేను కాదు" అన్న పిల్లాడు ప్రార్థన చేసేటప్పుడు తలెత్తడు. సరిగ్గా ఈ వయసులోనే పిల్లలకు తోడు కావాలి. బాప్తిస్మం అయ్యాక తల మీద చేతులుంచి పరిశుద్ధాత్మ వరం ఇస్తారు కదా. ఆ తోడును పదహారేళ్ల దాకా ఎందుకు ఆపడం? నేను ముప్పై దాటాక ఈ సంఘంలోకి వచ్చాను. నా చిన్నప్పుడు ఆ తోడు ఉండుంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

గుండ్లకమ్మ

నేను బాప్టిస్టుని, మాది ఒంగోలు వైపు. మీ సంఘం సిద్ధాంతాల మీద వాదించడానికి రాలేదు. మా దగ్గర అందరికీ తెలిసిన ఒక సంగతి చెబుతాను.

1876–78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత దూరం తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ రోజుల్లో జనం గుంపులు గుంపులుగా బాప్తిస్మం ఇవ్వమని అడిగితే ఏడాదికి పైగా ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారో, విశ్వాసంతో వస్తున్నారో తేలాలన్నాడు. సహాయం పనులు ఆగాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మేము ఆ 2,222 అనే అంకె గురించి గొప్పగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ ఏడాది ఆపడమే పెద్ద సంగతి. అమ్మా, మీ అబ్బాయికి కూలి డబ్బులు మీ సంతోషమే. ఎనిమిదేళ్ల వాడికి అంతకన్నా పెద్ద జీతం ఉండదు. ఆ జీతం పక్కన పెట్టాక కూడా వాడు వస్తాడా అని చూడాలి కదా.

ఇద్దరు పిల్లల అమ్మ, హైదరాబాద్

బ్రదర్, మీ చివరి మాట చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. కాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ ఒకటి అడగాలి. అమ్మ సంతోషాన్ని పక్కన పెట్టడం ఎలా? వాడు నా ముఖం చూసే నడక నేర్చుకున్నాడు, నా ముఖం చూసే ప్రార్థన నేర్చుకున్నాడు. పదహారు వచ్చినా చూస్తాడు.

పాత సభ్యుడు

నాకు ఎనిమిదేళ్లకే బాప్తిస్మం ఇచ్చారు. తెల్ల బట్టలు, అమ్మ చేసిన పులిహోర, అందరూ తల నిమరడం, ఇవి గుర్తున్నాయి. నేను ఏం ఒప్పుకున్నానో గుర్తు లేదు. ఇరవై రెండేళ్లకు నాకు ఆ విశ్వాసం లేదని తెలిసింది. సభ్యత్వం వదులుకోవడానికి రాతపూర్వకంగా కోరాల్సి వచ్చింది. ఆ కాగితం రాసిన రోజు అమ్మతో మాట్లాడలేకపోయాను. ఎనిమిదేళ్లప్పుడు నేను చేసిన ప్రమాణాన్ని నేనే తప్పానని ఆమె అంది. ఆ మాట ఇప్పటికీ నొప్పి పెడుతుంది.

సంఘం మీద నాకు కోపం లేదు. అక్కడ నాకు మంచి మనుషులు దొరికారు. బాప్తిస్మం ఇవ్వండి, ఇవ్వకపోండి. రేపు వాడు వెళ్లిపోతే మాత్రం, ఎనిమిదేళ్ల నాటి మాటను వాడి మీదకు తేవద్దు.

ప్రైమరీ టీచర్, విశాఖ

బ్రదర్, మీ అమ్మగారు అలా అనకుండా ఉండాల్సింది. ఆ మాట మా పాఠాల్లో ఎక్కడా లేదు. అయినా నా అభిప్రాయం మారలేదు. చిన్నప్పుడు ఇచ్చినవన్నీ పిల్లలు పెద్దయ్యాక ఉంచుకోవాలని లేదు. ఉంచుకోరేమోనని ఇవ్వకుండా ఉండలేం.

లీహై నుంచి

మేం అమెరికాలోని యూటాలో ఉంటున్న తెలుగువాళ్లం, హిందువులం. ఇక్కడ మా వీధిలో ఎక్కువ ఇళ్లు ఈ సంఘం వాళ్లవే. చాలా మంచి ఇరుగుపొరుగు. మా పాపకు ఎనిమిదేళ్లొచ్చిన ఏడాది దాని స్నేహితులందరూ వరసగా బాప్తిస్మం తీసుకున్నారు. "నాకెప్పుడు?" అని మా పాప అడిగింది. దానికి దేవుడి గురించి ఆలోచన లేదు, తెల్ల గౌను, ఫొటోలు కావాలి. అందరూ చేసేచోట పిల్లలు అసలు ఎవరి మాట వింటున్నారో తెలుసుకోవడం కష్టం.

హైదరాబాద్‌లో మీ అబ్బాయి పరిస్థితి వేరు. వాడి క్లాసులో ఇంకెవరూ లేరు. మీ సంఘంలో టీ తాగరు కాబట్టి, తాగనని నానమ్మ ఇంట్లో ఒక్కడే చెప్పాలి. ఆదివారం మ్యాచ్‌కి రానని ఒక్కడే చెప్పాలి. అలాంటి పిల్లాడు ఒప్పుకుంటే ఆ ఒప్పుకోవడానికి బరువు ఉందని నా నమ్మకం.

లూథరన్ కోడలు

మీ అత్తమ్మ గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నా. మా పిల్లలకు నెలల వయసులోనే బాప్తిస్మం ఇచ్చాం. పెద్దయ్యాక కన్ఫర్మేషన్‌లో వాళ్ల నోటితో వాళ్లే ఒప్పుకుంటారు. మాకు ముందు దేవుడు ఎత్తుకుంటాడు, తర్వాత పిల్లలు మాట్లాడతారు. ఆమెకు గ్రంథం చదివి వినిపిస్తే బెంగ పోదమ్మా. ఎప్పుడు జరిగినా ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టండి, ప్రార్థన చేయమనండి.

ఇద్దరు పిల్లల అమ్మ, హైదరాబాద్

అందరికీ థ్యాంక్స్. ఈ సోమవారం మళ్లీ కూర్చున్నాం. పాఠం చెప్పలేదు. "పోయిన వారం నీకు అబద్ధం చెప్పాను. నువ్వు తీసుకోకపోతే నాకు బాధేస్తుంది. కానీ ఆ బాధ నాది, నేను చూసుకుంటాను. అది నువ్వు మోయాల్సింది కాదు" అన్నాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మూడు ప్రశ్నలు అడిగాడు. నీళ్లు ముక్కులోకి వెళ్తాయా? బాప్తిస్మం అయ్యాక మళ్లీ చెల్లిని కొడితే ఏమవుతుంది? నానమ్మ వస్తుందా?

రెండో ప్రశ్న దగ్గర మా ఆయన, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ప్రైమరీ టీచర్ గారూ, మీరు చెప్పిన పిల్లాడు మా ఇంట్లోనే ఉన్నాడు. ప్రతి ఆదివారం సంస్కారం (ప్రభువు బల్ల) అప్పుడు రొట్టె, నీళ్లు ఎందుకు తీసుకుంటామో ఆయన వాడికి అర్థమయ్యేలా చెప్పారు. అరగంట పట్టింది.

తేదీ మాత్రం పెట్టలేదు. బిషప్ గారికి ఫోన్ చేసి పుట్టినరోజుకే కావాలని మేం పట్టుబట్టడం లేదని చెప్పాను. తొమ్మిదేళ్లు దాటితే మిషనరీలు పాఠాలు చెప్పి, అప్పుడు ఇస్తారు, తలుపు మూసుకుపోదు అన్నారు. ఆ సంగతి నాకు ముందు నుంచీ తెలుసు. అయినా ఆయన నోటి నుంచి వినేసరికి టెన్షన్ తగ్గింది. అన్నయ్యకు ఇంకా చెప్పలేదు. అత్తమ్మకు చెప్పాను. "వాడు అడిగాడా నేను వస్తానా అని?" అంది. అడిగాడన్నాను. ఎప్పుడైనా సరే, రెండు రోజుల ముందు చెబితే గుంటూరు నుంచి బయల్దేరతానంది.