కమ్ అప్ అగైన్‌స్ట్ ఎప్పుడు వాడాలి? ఫేస్ అంటే సరిపోదా?

ఇంటర్వ్యూ_ప్రిపరేషన్:
'కమ్ అప్ అగైన్‌స్ట్' అంటే ఎదుర్కోవడం అని డిక్షనరీలో ఉంది. 'ఫేస్' అన్నా అదే కదా? ప్రాజెక్టులో వచ్చిన ఇబ్బందుల గురించి ఇంటర్వ్యూలో అడిగితే ఏది వాడాలో తేలక టెన్షన్‌గా ఉంది. మీరెలా వాడుతున్నారో చెప్పండి.

అనువాదకురాలు:
కష్టం ఎదురవడం వేరు, దానికి ఎదురు నిలబడడం వేరు అండి. ఎదుర్కోవడం అనే మాటలో మనకి రెండూ కలిసిపోయి ఉంటాయి, తికమకంతా అక్కడే. 'కమ్ అప్ అగైన్‌స్ట్' అంటే మొదటిది, కష్టం ఎదురవడం. మన పని మనం చేసుకుపోతుంటే ఏదో అడ్డం తగిలింది, అంతే, దాన్ని దాటామో లేదో ఇందులో లేదు. 'వి కేమ్ అప్ అగైన్‌స్ట్ ఎ లాట్ ఆఫ్ రెసిస్టెన్స్' అంటే గట్టి వ్యతిరేకత ఎదురైందని. మీరేం చేశారన్నది తర్వాతి వాక్యంలో చెప్పి తీరాలి, లేకపోతే సగంలో ఆపినట్టే ఉంటుంది.

గ్రామర్_ప్రేమి:
అవును. ఇంకోటి, మూడు ముక్కలూ విడదీయకూడదు, కష్టం పేరు అగైన్‌స్ట్ తర్వాతే రావాలి. పాస్ట్‌లో కేమ్, హావ్ వస్తే మళ్లీ కమ్. 'కేమ్ అప్ విత్ ఎ ప్రాబ్లమ్' అనకండి దయచేసి! అది ఉపాయం ఆలోచించి చెప్పడానికి వాడేది, అలా అంటే సమస్యని మీరే పుట్టించినట్టు వినిపిస్తుంది.

టీమ్_లీడ్:
నేను ఇంటర్వ్యూలు చేస్తుంటాను. గడువు దగ్గరపడి ఊపిరాడని పరిస్థితి చెప్పాలంటే కమ్ కూడా తీసేసి 'వి వర్ అప్ అగైన్‌స్ట్ ఎ టైట్ డెడ్‌లైన్' అనండి, చాలా సహజంగా ఉంటుంది. కోడ్‌లో అనుకోకుండా బగ్ తగిలితే 'రన్ ఇన్‌టు' చాలు, దానికి ఇంత బరువైన మాట అక్కర్లేదు. ఆటలో బలమైన జట్టు ఎదురుపడినా కమ్ అప్ అగైన్‌స్టే.

ఇంటర్వ్యూ_ప్రిపరేషన్:
చాలా థాంక్స్ అండి. మరి 'ఫేస్ అప్ టు'?

అనువాదకురాలు:
మింగుడుపడని నిజాన్ని ఒప్పుకుని దాని సంగతి చూడడం. 'వి హాడ్ టు ఫేస్ అప్ టు ద ఫ్యాక్ట్ దట్ ద డిజైన్ వాజ్ రాంగ్'. డిజైన్ తప్పని తెలిసినా కొన్నాళ్లు ఒప్పుకోబుద్ధి కాలేదన్న ఛాయ అందులో ఉంది. అడ్డంకి బయటి నుంచి వచ్చిందైతే మాత్రం మీరడిగిన మొదటిదే వాడండి.