17-0 తర్వాత కూడా మన క్లబ్బులు ఆసియా మహిళల చాంపియన్స్ లీగ్‌కి వెళ్ళాలా?

ఖమ్మం_స్ట్రైకర్:

మిత్రులారా, ఈ ప్రశ్న చాలా కాలంగా మనసులో నలుగుతోంది. 2024 అక్టోబరులో ఒడిశా ఎఫ్‌సీ అమ్మాయిలు గ్రూప్ దశ ఆడటానికి హో చి మిన్ సిటీ వెళ్ళి, జపాన్ క్లబ్ ఉరావా రెడ్ డైమండ్స్ చేతిలో 17-0తో ఓడిపోయారు. అంటే దాదాపు ఐదు నిమిషాలకో గోల్. బంతి మధ్యలోకి తెచ్చి మళ్ళీ ఆట మొదలుపెట్టే సమయం తీసేస్తే వాళ్ళకి ఊపిరి తీసుకునే తీరికే లేదు. అలాంటి రోజు ఆ గోల్‌కీపర్ మీద ఎంత భారం పడుతుందో ఆలోచించండి.

2025 నవంబరులో ఈస్ట్ బెంగాల్ వూహాన్ వెళ్ళింది. ఇరాన్ క్లబ్ బామ్ ఖాతూన్ మీద 3-1తో గెలిచింది. తర్వాత ఆతిథ్య జట్టు వూహాన్ జియాంగ్డా చేతిలో 2-0, ఉజ్బెకిస్తాన్ క్లబ్ నసాఫ్ చేతిలో 3-0తో ఓడి గ్రూప్ దశలోనే వెనక్కి వచ్చేసింది. గెలుపు గెలుపే, కాదనను. కానీ నా వాదన ఇది: కొన్నేళ్ళు ఈ టోర్నమెంట్ పక్కన పెట్టి, ఆ డబ్బూ శ్రద్ధా ఇక్కడి లీగ్ మీద పెట్టాలి. ఇంట్లో పునాది లేకుండా బయటికెళ్ళి దెబ్బలు తినడం వల్ల ఎవరికి లాభం?

ఎర్రపసుపు_విశాఖ:

నేను ఉద్యోగరీత్యా కోల్‌కతాలో ఉంటున్నాను, ఈస్ట్ బెంగాల్ అభిమానిని. ఖమ్మం అన్నా, మీరు 17-0 దగ్గరే ఆగిపోయారు. దానికి ముందు ఆగస్టులో అదే ఒడిశా జోర్డాన్ వెళ్ళి సింగపూర్ క్లబ్ లయన్ సిటీ సెయిలర్స్ మీద, జోర్డాన్ క్లబ్ ఎతిహాద్ మీద గెలిచి అర్హత సాధించింది. ఎవరో జాలిపడి పిలిస్తే వెళ్ళలేదు.

ఇంకోటి చూడండి. ఒడిశా మీద పదిహేడు కొట్టిన ఉరావాని ఆ సీజన్ క్వార్టర్ ఫైనల్లో పెనాల్టీ షూటౌట్‌లో ఇంటికి పంపింది వూహాన్ జియాంగ్డానే. చివరికి కప్పు కూడా వాళ్ళదే. మరుసటి సీజన్లో ఆ వూహాన్ సొంత ఊళ్ళో మన జట్టు మీద కొట్టింది రెండే గోల్స్. ఏడాదిలో వచ్చిన తేడా ఇది. పక్కన పెట్టి ఉంటే ఈ తేడా మనకి తెలిసేదే కాదు.

ఖమ్మం_స్ట్రైకర్:

తమ్ముడూ, ఆ తేడా ఎవరి వల్ల వచ్చింది? 2024-25 ఐడబ్ల్యూఎల్‌లో, అంటే మన జాతీయ మహిళల లీగ్‌లో, టాప్ స్కోరర్ ఈస్ట్ బెంగాల్‌కి ఆడిన ఉగాండా క్రీడాకారిణి ఫజీలా ఇక్వాపుట్, 24 గోల్స్. కంబోడియా రాజధాని నమ్ పెన్‌లో జరిగిన ఆసియా క్వాలిఫయర్‌లో అక్కడి క్లబ్ నమ్ పెన్ క్రౌన్ మీద 1-0 గెలుపు గోల్ కూడా ఆమెదే. విదేశీ ఆటగాళ్ళని కొని గెలిస్తే క్లబ్ ఎదిగిందంటారు, దేశం ఎదిగిందని ఎలా అంటారు?

ఎర్రపసుపు_విశాఖ:

ఆ క్వాలిఫయర్‌లోనే రెండో మ్యాచ్ హాంకాంగ్ క్లబ్ కిచీతో 1-1 డ్రా. ఆ గోల్ కొట్టి మమ్మల్ని గ్రూప్ దశకి చేర్చింది సంగీతా బాస్ఫోర్. 2025 జులైలో చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్ మీద రెండు గోల్స్ కొట్టి ఇండియాని ఆసియా కప్‌కి తీసుకెళ్ళిన సంగీతే. ఫజీలాతో రోజూ ప్రాక్టీస్ చేసే మన డిఫెండర్లకి రేపు బలమైన ఫార్వర్డ్ ఎదురైతే కొత్తగా అనిపించదు. ఇది కొనుక్కున్న గెలుపు అంటే నేను ఒప్పుకోను.

ఇందూరు_పీఈటీ:

నేను నిజామాబాద్ జిల్లాలో ప్రభుత్వ పాఠశాల పీఈటీని. ఇద్దరూ మంచి విషయాలే చెప్పారు గానీ, అసలు జబ్బు ఎక్కడుందో నాకు కనిపించినంత వరకు చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఈస్ట్ బెంగాల్‌కి వింగర్‌గా ఆడుతోంది. 2022లో క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కి వెళ్ళింది. 2025 ఏప్రిల్‌లో ఈస్ట్ బెంగాల్‌కి ఐడబ్ల్యూఎల్ టైటిల్ ఖాయం చేసిన మ్యాచ్‌లో ఏకైక గోల్ తనదే. 2024-25కి ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) ఉత్తమ క్రీడాకారిణి కూడా తనే. మా స్కూల్ పిల్లలకి ఆమె పేరు చెబితే చాలు, మధ్యాహ్నం ఎండలోనైనా బూట్లు కడతారు. ఆ పిల్లలు ఏడాదికి ఎన్ని అసలైన మ్యాచ్‌లు ఆడతారో తెలుసా? మండలం, జిల్లా, తర్వాత ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలెక్షన్లు. సెలెక్ట్ కాని పిల్లకి అంతటితో ఆ ఏడు అయిపోయినట్టే. మా గ్రౌండ్‌లో గోల్‌పోస్టులున్నాయి, నెట్లు లేవు. సాయంత్రం ఐదయ్యేసరికి క్రికెట్ ఆడే కుర్రాళ్ళు పిచ్ కోసం అడ్డంగా వచ్చేస్తే ఆడపిల్లలు కార్నర్ ఫ్లాగ్ ఉండాల్సిన మూల చేరి పాస్‌లు ప్రాక్టీస్ చేస్తారు. అందుకే మా పిల్లలు చిన్న పాస్‌లు బాగా ఇస్తారు, యాభై గజాల బంతి కొట్టమంటే తడబడతారు. అంత స్థలం వాళ్ళకి ఎప్పుడూ దొరకలేదు.

ఇదే లెక్క పైస్థాయిలోనూ ఉంది. 2024-25 ఐడబ్ల్యూఎల్‌లో ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. జనవరిలో మొదలై ఏప్రిల్‌కి ముగిసింది. ఆగస్టు చివర్లో ఆసియా క్వాలిఫయర్. మధ్యలో జాతీయ లీగ్ మ్యాచ్ ఒక్కటీ లేదు. జపాన్‌లో మహిళల లీగ్ అయిన డబ్ల్యూఈ లీగ్ 2021 నుంచి పూర్తి ప్రొఫెషనల్. పన్నెండు జట్లు, 22 లీగ్ మ్యాచ్‌లు, ఆపైన లీగ్ కప్, ఎంప్రెస్ కప్. ఉరావా అమ్మాయి ఒక సీజన్లో నేర్చుకునేది మన అమ్మాయికి రెండు సీజన్లు పడుతుంది. ఆ 17 గోల్స్‌లో సగం ఇక్కడే పడ్డాయని నా అభిప్రాయం.

17-0 కంటే నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకోటుంది. 2023-24 చాంపియన్ ఒడిశా ఆ మరుసటి సీజన్లోనే ఐడబ్ల్యూఎల్ నుంచి కింది డివిజన్‌కి పడిపోయింది. ఒక్క ఏడాదిలో చాంపియన్ నుంచి రెలిగేషన్! ఇది ఉరావా చేసిన పని కాదు. కాబట్టి ఖమ్మం గారూ, పునాది లేదన్న మీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. వెళ్ళొద్దన్న మాట మాత్రం తప్పు. వెళ్ళకపోతే పునాది లేదన్న సంగతి కూడా ఎవరికీ కనబడదు. 14 మ్యాచ్‌ల లీగ్‌లో గెలుస్తూ మనం బాగున్నామనే అనుకుంటాం.

వెళ్ళి కూడా ఆడలేకపోతే ఎలా ఉంటుందో గోకులం కేరళ అమ్మాయిల్ని అడగాలి. 2022 ఆగస్టులో ఆసియా మహిళల క్లబ్ పోటీ కోసం వాళ్ళు తాష్కెంట్‌లో దిగే సమయానికి ఫిఫా ఏఐఎఫ్ఎఫ్‌ని సస్పెండ్ చేసింది. ప్రధానికి ఉత్తరం రాశారు. ఫలితం లేకపోయింది. ఒక్క బంతి తన్నకుండా తిరిగొచ్చారు. నిషేధం ఆగస్టు 26న ఎత్తేశారు, అప్పటికి వాళ్ళ అవకాశం పోయింది. పెద్దల తగాదాలో ఏడాది కష్టం పోగొట్టుకున్న ఆ అమ్మాయిలకి, ఇప్పుడు మనమే స్వచ్ఛందంగా టోర్నమెంట్ మానేద్దామని ఏ ముఖం పెట్టుకుని చెప్తాం?

మెల్‌బోర్న్_తెలుగమ్మాయి:

పీఈటీ సార్, మీ పోస్ట్ మా అమ్మకి చదివి వినిపించాను.

ఇంకో కోణం. 2025 మే 24న ఈ టోర్నమెంట్ ఫైనల్లో మా మెల్‌బోర్న్ సిటీ క్లబ్ వూహాన్ జియాంగ్డా చేతిలో పెనాల్టీల్లో ఓడింది. ఆ ఫైనల్ జరిగింది ఎక్కడ? వూహాన్‌లోనే. గ్రూప్ దశ కూడా అంతే, ఒక్కో గ్రూపుకీ ఒకే ఊరు, ఆ ఊరి జట్టుకి సొంత ప్రేక్షకులు. ఒడిశాకి హో చి మిన్ సిటీలో, ఈస్ట్ బెంగాల్‌కి నమ్ పెన్‌లోనూ వూహాన్‌లోనూ అదే పరిస్థితి. యూరప్‌లో ఇంటా బయటా ఆడతారు కాబట్టే 2022 ఏప్రిల్‌లో బార్సిలోనా అమ్మాయిలు వోల్ఫ్స్‌బర్గ్‌తో ఆడిన సెమీఫైనల్‌కి క్యాంప్ నౌలో 91,648 మంది వచ్చారు. కోల్‌కతా జనం తమ అమ్మాయిల్ని ఆసియా మ్యాచ్‌లో కళ్ళారా చూసేదెప్పుడు? వెళ్ళాలా వద్దా అని కాదు, వాళ్ళు మన దగ్గరికి ఎందుకు రారు అని అడగాలి.

ఖమ్మం_స్ట్రైకర్:

చెల్లెమ్మా, ఇంటా బయటా అంటే విమాన ఖర్చు ఎవరు భరిస్తారు? యూరప్‌లో రెండు గంటల ప్రయాణం. ఇక్కడ టెహ్రాన్ నుంచి మెల్‌బోర్న్ దాకా ఒకటే ఖండం కింద లెక్క. యూరప్‌లో కూడా 2001-02లో ఈ పోటీ మొదలైనప్పుడు గ్రూపులన్నీ ఒక్కో చోటే ఆడించారు. ఒకే చోట ఆడించడం తప్పని నేను అనను.

మెల్‌బోర్న్_తెలుగమ్మాయి:

సరే, అయితే ఆతిథ్యం మనమే అడగొచ్చు కదా అన్నయ్యా. ఒక్క క్వాలిఫయర్ గ్రూప్ కోల్‌కతాలోనో కోజికోడ్‌లోనో పెట్టినా సంతోషమే.

ఇక పెద్ద ఓటమి గురించి. అది కూడా నేర్పుతుంది. 2019లో బుడాపెస్ట్‌లో జరిగిన యూరప్ మహిళల చాంపియన్స్ లీగ్ ఫైనల్లో లియాన్ 4-1తో బార్సిలోనాని ఓడించింది. ఆ నాలుగూ మొదటి అరగంటలోనే. రెండేళ్ళకి గోథెన్‌బర్గ్‌లో అదే పోటీ ఫైనల్లో బార్సిలోనా చెల్సీ మీద 4-0తో గెలిచింది, అవీ మొదటి 36 నిమిషాల్లోనే.

ఇందూరు_పీఈటీ:

అమ్మా, బార్సిలోనా పోలిక మనకి సరిపోదు. వాళ్ళ వెనక ఉన్న డబ్బులో వందో వంతు మన దగ్గర లేదు. ఓటమి దానంతటదే ఏమీ నేర్పదు, ఓడాక ఇంటికొచ్చి ఆడటానికి మ్యాచ్‌లుండాలి. నేను అడిగేది రెండే. ఐడబ్ల్యూఎల్‌లో కనీసం 22 మ్యాచ్‌లు, అవి ఆసియా క్వాలిఫయర్ దాకా సాగేలా క్యాలెండర్. రెండోది, రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ కనీసం ఒక్కో క్లబ్. 2024-25 ఐడబ్ల్యూఎల్‌లో మన క్లబ్ ఒక్కటీ లేదు. అనంతపురంలో ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్ లాంటి చోట అమ్మాయిలు ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. సౌమ్య ఆడాలంటే కేరళ, కోల్‌కతా వెళ్ళాల్సి వచ్చింది. తర్వాతి అమ్మాయికి ఇంట్లో వాళ్ళు అంత దూరం పంపిస్తారో లేదో.

ఖమ్మం_స్ట్రైకర్:

సార్, మీ రెండు డిమాండ్లకీ నా సంతకం ఉంది. మొదటి ప్రశ్న మీద మాత్రం నేను కదలను. ఆ 22 మ్యాచ్‌ల క్యాలెండర్ వచ్చేదాకా ఆగమనే నా మాట. వచ్చిన మరుసటి ఏడాదే పంపండి, మొదటి టికెట్ నేనే కొంటాను.

ఎర్రపసుపు_విశాఖ:

ఆ క్యాలెండర్ కోసం ఆగితే సౌమ్య, సంగీతల వయసు ఆగుతుందా అన్నా? వాళ్ళకున్నవి ఈ నాలుగైదు సీజన్లే.