‘బలహీనతయందు’నా, ‘బలహీనతయందే’నా?

అరసున్న: బైబిలులో పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 12వ అధ్యాయంలోని 9వ వచనం వారం రోజులుగా నన్ను వదలడం లేదు. “నా కృప నీకు చాలును, బలహీనతయందే నా శక్తి పరిపూర్ణమగుచున్నది” అని నా చెవిలో నిలిచిపోయింది. మంచం పట్టిన రోజుల్లో మా అమ్మమ్మ ఆ ‘యందే’ దగ్గర ఆగి, ఊపిరి కూడదీసుకొని, మిగిలిన మాట పూర్తిచేసేది. అచ్చులో ఆ ‘ఏ’ ఉన్నదా?

శకటరేఫం: లేదు. ప్రభువు పౌలుకు ఇచ్చిన జవాబులో ‘బలహీనతయందు’ అనే ఉన్నది. ‘ఏ’ వచ్చేది ఆ తరువాత, “నా బలహీనతలయందే బహు సంతోషముగా అతిశయపడుదును” అని పౌలు చెప్పుకొనేటప్పుడు; 10వ వచనంలోని ‘అప్పుడే బలవంతుడను’ కూడా ఆయన మాటే. మీ అమ్మమ్మగారు పౌలు నొక్కును ప్రభువు నోట పెట్టారు.

విసర్గ: మీరు ‘ఏ’ గురించి వాదులాడుతున్నారు గాని, ప్రాచీన గ్రీకు ప్రతులు కొన్నింటిలో ‘నా శక్తి’ అన్నచోట ‘నా’ అన్నదే లేదు. కృప మాత్రం అక్కడా ‘నాది’గానే ఉన్నది.

ద్రుతం: ‘ఏ’ బలం తెలియాలంటే పోతనగారి దగ్గరికి పోవాలి. “లావొక్కింతయు లేదు” అని మొదలుపెట్టిన గజేంద్రుడు, ధైర్యం సడలి, ప్రాణాలు ఠావులు తప్పి, మూర్ఛ వచ్చి, ఒళ్ళు డస్సిన తరువాత గాని ‘నీవే తప్ప’ అనలేదు.

శకటరేఫం: ఆ పద్యం నాకూ ప్రాణమే గాని, పోలిక సగం దూరమే నడుస్తుంది. గజేంద్రునికి మొసలి పట్టు వీడింది. ‘శరీరంలోని ముల్లు’ అని తాను పిలిచిన బాధను తీసివేయమని పౌలు మూడుసార్లు వేడుకొన్నా, అది పోయిందని ఎక్కడా చెప్పలేదు. ఆయనకు దక్కిన జవాబు ‘చాలును’ అన్నదే. నన్నడిగితే ముడి అంతా ఆ క్రియలోనే ఉన్నది. ‘చేయజాలను’ అన్నప్పుడు అది అశక్తత, ‘నీకు చాలును’ అన్నప్పుడు అదే ధాతువు నిండుదనం. ‘చాలను’ అని మొరపెట్టిన మనిషికి ‘చాలును’ అని బదులు వచ్చింది; తేడా ఒక్క కొమ్ము.

విసర్గ: చమత్కారం బాగున్నది గాని, గ్రీకులోని ‘అర్కెయి’ సరిపోవడాన్నే చెబుతుంది, ఈ శ్లేషకు అక్కడ తావు లేదు. తెలుగు తనంతట తాను ఇచ్చిన కానుక అనండి, ఒప్పుకుంటాను.

అరసున్న: కొమ్ము సంగతి తేల్చారు, సంతోషం. నేనడిగింది ఏత్వం గురించి. ఎవరి వద్దనైనా పాత ముద్రణ ఉంటే, దయచేసి ఆ పుట తీసి చూడగలరు.