పిల్లల్లో యూరిన్ రిఫ్లక్స్: ఎం.సి.యూ తప్పదా?

పలాస_అమ్మ: మా పాపకి పది నెలలు. దగ్గు లేదు, జలుబు లేదు, జ్వరం మాత్రం 103. మూత్రం కల్చర్‌లో ఈ.కోలై క్రిమి వచ్చింది, ఇది రెండోసారి. స్కానింగ్‌లో ఎడమ కిడ్నీ కాస్త ఉబ్బిందన్నారు, మూత్రం సంచి నుంచి కిడ్నీ వైపు వెనక్కి తంతోందేమో (రిఫ్లక్స్) చూడ్డానికి ఎం.సి.యూ అనే ఎక్స్‌రే తీయించమన్నారు. మా అత్తగారేమో "ఉద్దానం కిడ్నీ జబ్బు పిల్లకీ వచ్చేసింది" అని ఒకటే ఏడుపు. ఎవరైనా తీయించారా?

బొబ్బిలి_నాన్న: మావాడికి తీయించాం. మూత్రం దారిలో సన్నటి గొట్టం పెట్టి ఎక్స్‌రేలో కనబడే మందు నింపుతారు, పిల్లలు పోస్తూ ఉండగా ఫోటోలు తీస్తారు. పోసేటప్పుడే మూత్రం ఎక్కువగా వెనక్కి తంతుంది మరి. గొట్టం పెట్టినప్పుడు గుంటడు ఊరంతా వినబడేలా ఏడ్చాడు, సాయంత్రం దాకా పోసినప్పుడల్లా మంట. మర్నాటికి మామూలే. ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాకే చేస్తారు. మగపిల్లల్లో మూత్రనాళంలో వాల్వులు (పొరలు) అడ్డుంటే అవీ ఇందులోనే బయటపడతాయి. రిఫ్లక్స్‌కి 1 నుంచి 5 దాకా గ్రేడ్లు. మాకు 4 వచ్చింది.

రాజాం_నర్సు: పలాస చెల్లీ, అత్తగారికి చెప్పు, ఉద్దానం జబ్బు వేరు, ఇది వేరు. అది ఎక్కువగా పెద్దవాళ్లకి వస్తాది, కారణం ఇంకా తేలలేదు. కిడ్నీ నుంచి వచ్చే గొట్టం మూత్రసంచి గోడలోకి ఏటవాలుగా దూరాలి. సంచి నిండితే ఆ దారి నొక్కుకుని మూసుకుపోతాది. కొందరికి పుట్టుకతోనే ఆ దారి పొట్టి, సరిగా మూసుకోక మూత్రం వెనక్కి పోతాది. వయసుతోపాటు అది పొడవవుతాది, అందుకే 1, 2 గ్రేడ్లు చాలామందికి వాటంతటవే పోతాయి.

ఇంకోటి, ప్లాస్టిక్ సంచీ అంటించి పట్టిన మూత్రం శాంపిల్‌కి చర్మం మీది క్రిములు కలుస్తాయి. ఈ వయసుకి గొట్టంతో తీసిందే నమ్మకం, అదీ యాంటీబయోటిక్ మొదలెట్టక ముందే.

చీపురుపల్లి_బాబు: ఇన్ఫెక్షన్ మళ్లీ రాకుండా రోజూ రాత్రి చిన్న డోసు యాంటీబయోటిక్ అంటారు. నెలల తరబడి మందా? నాకు నచ్చలేదు.

రాజాం_నర్సు: నచ్చకపోవడంలో తప్పులేదు, డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. 2014లో అమెరికాలో రిఫ్లక్స్ ఉన్న 607 మంది పిల్లల మీద చేసిన రివర్ అధ్యయనంలో ఈ మందు వాడినవాళ్లకి మళ్లీ ఇన్ఫెక్షన్లు రావడం సగానికి తగ్గింది, కిడ్నీ మీద మచ్చల్లో మాత్రం తేడా రాలేదు. మందుకి లొంగని క్రిములూ పెరిగాయి. కానీ డాక్టర్ని అడక్కుండా మీ అంతట మీరు ఆపొద్దు. కాస్త పెద్ద పిల్లలైతే మలబద్ధకం చూసుకోండి, మూత్రం బిగబట్టనివ్వకండి. దీన్నెవరూ పట్టించుకోరు!

బొబ్బిలి_నాన్న: మావాడికి మందు వాడుతున్నా జ్వరాలు ఆగలేదు. విశాఖలో డి.ఎం.ఎస్.ఏ స్కాన్ (కిడ్నీ మీద మచ్చలు చూసేది) తీస్తే మచ్చ కనబడింది. కిడ్నీ గొట్టం మూత్రసంచిలో తెరుచుకునే చోట జెల్ ఇంజెక్షన్ ఒక దారి, కోసి గొట్టాన్ని మళ్లీ అతకడం ఇంకో దారి అన్నారు. మేం ఆపరేషన్‌కే వెళ్లాం. ఇప్పుడు స్కూల్లో చేరాడు.

పలాస_అమ్మ: అందరికీ థాంక్సండీ. పెద్దోడికీ చూపించాలా?

రాజాం_నర్సు: తోబుట్టువుల్లో దాదాపు నాలుగో వంతు మందికి ఉంటుంది. వాడికి కారణం తెలియని జ్వరాలు వచ్చాయేమో డాక్టరుకి చెప్పు, ముందు మామూలు స్కానింగ్ చాలొచ్చు. వెళ్లేటప్పుడు పాత కల్చర్ రిపోర్టులు, ఫిల్ములు పట్టుకెళ్లు. ఫోన్లో తీసిన ఫోటోలతో గ్రేడు చెప్పరు.