బ్లూ క్రాస్ సెటిల్‌మెంట్ డబ్బుకి క్లెయిమ్ వేయాలా, వదిలేయాలా? (నవంబర్ 5 ఆఖరు)

డల్లాస్_బుల్లోడు | 24 అక్టోబర్ 2021
అందరికీ నమస్కారం. ఇంటికి ఒక పోస్ట్‌కార్డు వచ్చింది. బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీల మీద, పోటీ లేకుండా చేశారన్న యాంటీట్రస్ట్ కేసు 2.67 బిలియన్ డాలర్లకు సెటిలైందట. 2008 ఫిబ్రవరి నుంచి 2020 అక్టోబర్ మధ్య ఆ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు క్లెయిమ్ వేసుకోవచ్చట. నాకు రెండు కంపెనీల్లోనూ ఆ కార్డే ఉండేది. ఇది నిజమేనా, ఫిషింగా? నిజమైతే వచ్చేదెంత? గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఉంది, కేసుల్లో పేరు రావడం ఇష్టం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సందేహాల_సత్రం
స్కామ్. లింక్ నొక్కకండి.

బెంచి_బాధితుడు
స్కామ్ కాదండి. 2012లో మొదలైన కేసు, అలబామాలో బర్మింగ్‌హామ్ ఫెడరల్ కోర్టులో నడుస్తోంది. పోయిన నవంబర్‌లో జడ్జి ప్రాథమికంగా ఓకే అన్నారు, తుది విచారణ మొన్న 20వ తేదీకి పెట్టారు.

గొడవేంటంటే, బ్లూ కంపెనీలు దేశంలో ముప్పైకి పైగా ఉన్నాయి. న్యూజెర్సీ హొరైజన్‌ది, టెక్సాస్ అక్కడి బ్లూది, జార్జియా ఆంథెమ్‌ది. ఒకరి ఏరియాలోకి ఇంకొకరు బ్లూ బోర్డు పట్టుకుని రాకూడదని వాళ్లలో వాళ్లే రాసుకున్నారు. పోనీ వేరే పేరుతో వచ్చి పోటీ పడదామన్నా, దేశం మొత్తం మీద ఆదాయంలో మూడింట రెండు వంతులు బ్లూ పేరు మీదే రావాలని ఇంకో రూలు. ఇక ప్రీమియం ఎందుకు తగ్గుతుంది? ఇదీ వాదన. కంపెనీలు తప్పు ఒప్పుకోలేదు గానీ డబ్బు కట్టడానికీ, ఆ రెండో రూలు ఎత్తేయడానికీ ఒప్పుకున్నాయి.

గ్రీన్ కార్డు గురించి భయం వద్దు. కేసు ఇన్సూరెన్స్ వాళ్ల మీద, మీ ఎంప్లాయర్ మీద కాదు. మీరు కొత్తగా దావా వేయట్లేదు, మీ వాటా అడుగుతున్నారంతే. వేసేయండి.

పాత_చింతకాయ
వేయండి, వచ్చినదాంతో ఒక కాఫీ తాగండి.

లెక్క నేను చెబుతా. 2.67 బిలియన్‌లో లాయర్లకు, వాళ్ల ఖర్చులకు 25 శాతం దాకా, అంటే దాదాపు 667 మిలియన్లు. పోస్ట్‌కార్డులు, ప్రకటనలు, పంపకం పనికి 100 మిలియన్లు. మిగిలేది 1.9 బిలియన్. పన్నెండేళ్లకు పైగా ఆ ఇన్సూరెన్స్‌లో ఉన్నవాళ్లు కోట్ల మంది. ఒక్కొక్కరికి ఏం వస్తుంది? 5 డాలర్లు గానీ అంతకన్నా తక్కువ గానీ వచ్చేవాళ్లకు అసలు పంపరు కూడా, రూల్స్‌లోనే రాశారు. ఈ దేశంలో చాలా సెటిల్‌మెంట్లు చూశాను. లాయర్లు ఇళ్లు కొనుక్కుంటారు, మనం ఫారాలు నింపుతాం. ఎవరి పని వాళ్లు చూసుకుంటే మంచిది.

బెంచి_బాధితుడు
@పాత_చింతకాయ గారూ, మీ భాగహారం తప్పు. కోట్ల మందికి పంచరు. క్లెయిమ్ వేసినవాళ్ల మధ్యే, వాళ్ల పేరు మీద కట్టిన ప్రీమియాన్ని బట్టి పంచుతారు. మీరు ఎంతమందిని వద్దంటే మిగతావాళ్లకు అంత ఎక్కువ.

పైగా క్లాస్ నుంచి, అంటే ఈ కేసు ఎవరందరి తరఫున నడుస్తోందో ఆ గుంపు నుంచి, తప్పుకోవడానికి గడువు జూలై 28నే అయిపోయింది. అప్పుడు తప్పుకోనివాళ్లు, సెటిల్‌మెంట్‌కి తుది ఆమోదం వస్తే ఈ విషయం మీద మళ్లీ విడిగా దావా వేయలేరు, క్లెయిమ్ వేసినా వేయకపోయినా. హక్కు పోగొట్టుకుని డబ్బు కూడా వదిలేయడం ఏం తెలివి?

గుంటూరు_మేస్త్రి
మీరన్నా అదృష్టవంతులు బ్రో. ఇక్కడ 2012లో సీసీఐ (కాంపిటీషన్ కమిషన్) 11 సిమెంట్ కంపెనీలు కుమ్మక్కయ్యాయని 6 వేల కోట్లకు పైగా జరిమానా వేసింది. అది అప్పీళ్లలో తిరుగుతోంది. వసూలైనా సర్కారు ఖజానాకే. ఆ రోజుల్లో ఇల్లు కట్టినవాడికి బస్తాకి రూపాయి కూడా వెనక్కి రాదు. నష్టపరిహారం కావాలంటే కాంపిటీషన్ చట్టంలో 53ఎన్ అని ఒక సెక్షన్ ఉందట. మేమెవ్వరం ఆ గుమ్మం తొక్కలేదు.

ప్లేనో_పిచ్చుక
నాదొక ప్రశ్న. మాది మా ఆయన పేరు మీద ఫ్యామిలీ ప్లాన్. నా రెండు కాన్పులూ ఆ కార్డు మీదే. నేను క్లెయిమ్ వేద్దామని చూస్తే డిపెండెంట్లకు అర్హత లేదట. సింగిల్ ప్లాన్ కాస్తా ఫ్యామిలీ ప్లాన్ అయి ప్రీమియం పెరిగింది మా వల్లే కదా? ఎక్కువ కట్టించుకున్నది మా పేరు చెప్పి, డబ్బు వెనక్కి ఇచ్చేటప్పుడు మేం లేమా?

పాత_చింతకాయ
@ప్లేనో_పిచ్చుక అమ్మా, ఇందులో గొడవేముంది? కట్టింది మీవారు. కట్టినవాడికే ఇస్తారు. ఆయన వేస్తే ఫ్యామిలీ ప్లాన్ లెక్కలోనే వస్తుంది, ఇంట్లోకే కదా వచ్చేది.

ప్లేనో_పిచ్చుక
ఇంట్లోకి వస్తుందని నాకూ తెలుసండి. హెచ్‌4 (హెచ్‌1 వాళ్ల భార్యాభర్తలకిచ్చే వీసా) మీద ఉన్నన్నాళ్లూ బ్యాంకులో, కరెంటు బిల్లులో, అన్నిటా ఇదే మాట. నేనడిగింది ఇంట్లోకి వస్తుందా అని కాదు, నా పేరు ఎందుకు లేదని.

సియాటిల్_సుబ్బి
పెద్ద కంపెనీల్లో ఉన్నవాళ్లు ఎక్కువ ఆశపడకండి. అక్కడ వైద్యం ఖర్చు కంపెనీయే భరిస్తుంది, బ్లూకి పోయేది నిర్వహణ రుసుమే. సెల్ఫ్ ఫండెడ్ అంటారు. మిగిలిన సొమ్ములో మా వర్గానికి 6.5 శాతమే రాశారు, అది కూడా 2015 సెప్టెంబర్ నుంచే లెక్క. మిగతా 93.5 శాతం నేరుగా ప్రీమియం కట్టిన చిన్న కంపెనీలకు, వాటి ఉద్యోగులకు, సొంతంగా కొనుక్కున్నవాళ్లకు. కన్సల్టెన్సీల్లో (మనల్ని క్లయింట్ల దగ్గరికి పనికి పంపే కంపెనీల్లో) ఉన్నవాళ్లకే ఇది ఎక్కువ పనికొస్తుంది.

బెంచి_బాధితుడు
సుబ్బి గారు అసలు చోటికి తెచ్చారు. "కట్టినవాడికే ఇస్తారు" అన్నారు కదా చింతకాయ గారు. ఎవరు కట్టారో తేల్చండి మరి.

మామూలు పద్ధతిలో క్లెయిమ్ వేస్తే, నేరుగా ప్రీమియం కట్టే ప్లాన్లలో సింగిల్ కవరేజీకి ఉద్యోగి వాటా 15 శాతం, ఫ్యామిలీకి 34 శాతం అని లెక్కేస్తారు. మిగతాది ఎంప్లాయర్ కట్టినట్టు. పెద్ద కంపెనీల్లో అది నిజమే కావచ్చు. నేను చేసిన కన్సల్టెన్సీలో మాది 80-20 ఒప్పందం. క్లయింట్ ఇచ్చే బిల్ రేటులో 20 వాళ్లకు, 80 నాకు. ఆ 80లోంచే రెండు వైపుల పేరోల్ ట్యాక్సులూ, ఇన్సూరెన్స్‌లో "ఎంప్లాయర్ వాటా" కూడా కోసేవాళ్లు. ప్రాజెక్ట్ అయిపోయి బెంచి మీద ఉన్నప్పుడు జీతం లేదు. ఆ నెలల ప్రీమియం అప్పు కింద రాసుకుని, కొత్త ప్రాజెక్ట్ మొదటి చెక్కులో పట్టుకున్నారు. ఇందులో ఎంప్లాయర్ కట్టిందేది?

పాత_చింతకాయ
మీ కన్సల్టెన్సీ దొంగదైతే లేబర్ డిపార్ట్‌మెంట్‌కి రాయండి. బెంచి మీద జీతం ఇవ్వకపోవడం హెచ్‌1 రూల్స్‌కి విరుద్ధం. దానికీ బ్లూ క్రాస్‌కీ సంబంధం ఏంటి? ప్రతి థ్రెడ్‌లో ఇదే ఏడుపు.

సందేహాల_సత్రం
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

ఎడిసన్_ఇడ్లీ
@పాత_చింతకాయ గారూ, ఒక చిన్న సందేహం. పోయిన వారం చిన్న వ్యాపారాల థ్రెడ్‌లో "మా కంపెనీ తరఫున బ్లూ క్రాస్ క్లెయిమ్ ఫైల్ చేశాం, అకౌంటెంట్ చూసుకున్నాడు" అని రాసింది మీరే కదా? ఇక్కడేమో కాఫీ ఖర్చు, టైం వేస్ట్ అంటున్నారు.

బెంచి_బాధితుడు
ఓహో. మాకు కాఫీ, మీకు క్లెయిమ్.

పాత_చింతకాయ
అవును, నాకు స్టాఫింగ్ కంపెనీ ఉంది. క్లెయిమ్ వేశాను. దాచుకోవాల్సిన పనేముంది? ఎంప్లాయర్లకు అర్హత ఉంది కాబట్టి వేశాను. ఉద్యోగికి కాఫీ డబ్బులే వస్తాయన్నాను, ఇప్పటికీ అదే అంటాను. పదేళ్లు గ్రూప్ ప్లాన్ నడిపినవాడి లెక్క, రెండేళ్లుండి వెళ్లిపోయినవాడి లెక్క ఒకటి కాదు.

ఇక "కట్టిందెవరు" అన్నదానికి సమాధానం. ప్రతి నెలా ఒకటో తారీఖున బిల్లు నా పేరు మీద వచ్చేది. క్లయింట్ మూడు నెలలు డబ్బు ఆపేసినా ఆ బిల్లు ఆగేది కాదు. ఇల్లు తాకట్టు పెట్టి కట్టిన నెలలున్నాయి. అప్పుడు ఎవరూ వచ్చి "అన్నా, నా వాటా తీసుకో" అనలేదు. చెక్కు మీద సంతకం నాది. ఈ రోజు డబ్బు వెనక్కి వస్తుందనగానే ప్రీమియం అందరిదీ అయిపోయిందా? ఒప్పందం మీద మీరూ సంతకం పెట్టారు. 80 చాలా బాగుందని పెట్టారు.

బెంచి_బాధితుడు
సంతకం పెట్టాను. వీసా మీ చేతిలో ఉంటే ఇంకేం పెడతాం?

ఇల్లు తాకట్టు పెట్టారంటున్నారు, కాదనను. క్లయింట్ డబ్బు ఇచ్చాక ఆ ప్రీమియం మా 80లోంచి మళ్లీ తీసుకున్నారా లేదా, అది చెప్పండి. తీసుకుంటే మీరు కట్టింది అడ్వాన్స్. సంతకం మీదే, సొమ్ము మాది.

పాత_చింతకాయ
మా కంపెనీలో ఏం జరిగిందో నీకు తెలియదు.

బెంచి_బాధితుడు
మీరే చెప్పండి మరి. అవునా, కాదా?

తిరిగొచ్చిన_టెకీ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను 2017లో హైదరాబాద్ వచ్చేశాను. పోస్ట్‌కార్డు పాత అడ్రస్‌కి పోయుంటుంది, ఐడీ నంబర్ లేదు. వేయొచ్చా?

ఎడిసన్_ఇడ్లీ
@తిరిగొచ్చిన_టెకీ వేయొచ్చు. ఐడీ లేకపోయినా ఆన్‌లైన్ ఫారం తీసుకుంటుంది. ఎంప్లాయర్ పేరు, ఏ తేదీల మధ్య కవరేజీ ఉందో ఇవ్వాలి. పాత ఇన్సూరెన్స్ కార్డు ఫోటో మెయిల్‌లో ఎక్కడైనా ఉందేమో వెతుకు బ్రో. డబ్బు ఏ రూపంలో తీసుకోవాలో మాత్రం ఆలోచించుకుని నింపు, అమెరికా చెక్కు వస్తే అక్కడ మార్చుకోవడం పెద్ద తలనొప్పి.

డల్లాస్_బుల్లోడు
అన్నలూ, నాది కూడా మొదటి కంపెనీలో పర్సంటేజ్ ఒప్పందమే. 15 శాతం కన్నా ఎక్కువ కట్టానని చూపించే దారి ఉందా?

బెంచి_బాధితుడు
ఉంది. ఫారంలో రెండో పద్ధతి ఒకటుంటుంది. మామూలు శాతం వద్దు, నేను ఇంత కట్టాను అని రికార్డులు జతచేయాలి. పే స్టబ్‌లు (జీతం చీటీలు) పెట్టండి. కన్సల్టెన్సీ ప్రతి నెలా పంపే లెక్కల షీట్ ఉంటుంది కదా, ఎంప్లాయర్ వాటా కోత కనిపించేది అందులోనే. అది తప్పకుండా పెట్టండి. డబ్ల్యూ-2లో (ఎంప్లాయర్ ఏటా ఇచ్చే జీతం, ట్యాక్సుల ఫారం) 12వ బాక్సులో డీడీ అనే కోడ్ పక్కన మొత్తం ప్రీమియం ఉంటుంది, మీదీ ఎంప్లాయర్‌దీ కలిపి. మొత్తం తెలిస్తే మీ కోత ఎంత శాతమో తేలుతుంది.

పాత_చింతకాయ
డీడీ కోడ్ అందరికీ ఉండదు. ఏడాదికి 250 డబ్ల్యూ-2ల కన్నా తక్కువ ఇచ్చే కంపెనీ అది చూపించక్కర్లేదు. కుర్రాణ్ణి లేనిపోని వెతుకులాటలో పెట్టకు. నీ ఎక్సెల్ షీట్‌ని ఎవడూ నమ్మడు. పే స్టబ్‌లో ఏముందో అదే లెక్క.

బెంచి_బాధితుడు
ఆ ఎక్సెల్ షీట్ తయారుచేసింది నేను కాదు, మీలాంటి ఆఫీసువాళ్లే. పే స్టబ్‌లో ఒకటి, షీట్‌లో ఒకటి ఎందుకు రాస్తారో అది కూడా చెప్పండి.

@డల్లాస్_బుల్లోడు రెండూ పెట్టు తమ్ముడూ. నమ్మాలో లేదో పంపకం చూసే అడ్మినిస్ట్రేటర్ చూసుకుంటాడు.

ప్లేనో_పిచ్చుక
చింతకాయ గారూ, మీ కంపెనీలో పనిచేసిన పిల్లలకు, వెళ్లిపోయినవాళ్లతో సహా, ఈ సెటిల్‌మెంట్ ఉందని ఒక మెయిల్ పెట్టారా?

పాత_చింతకాయ
పెట్టాలని రూలేమీ లేదమ్మా. వాళ్లకూ పోస్ట్‌కార్డు వచ్చే ఉంటుంది.