నెక్రోనమికాన్ నిజంగా ఉన్న పుస్తకమేనా?

గోదారిగట్టు: అమెరికన్ భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ కథల్లో వచ్చే ‘నెక్రోనమికాన్’ మంత్రగ్రంథం ఆయన కల్పనేనంటారు కొందరు. కాదు, పాత పుస్తకమేనంటారు ఇంకొందరు. ఏది నమ్మాలి?

నల్లమల: కల్పనే. ఆ పేరు మొదట కనబడేది ఆయన 1922లో రాసిన ‘ది హౌండ్’ కథలో. తానే పుట్టించానని ఉత్తరాల్లో రాశాడు కూడా. కథల్లో దాని గ్రంథకర్తగా చెప్పిన అబ్దుల్ అల్‌హజ్రెడ్ పేరు సంగతి తెలుసా? లవ్‌క్రాఫ్ట్ ఐదేళ్లప్పుడు అరేబియన్ నైట్స్ మోజులో తనకు పెట్టుకున్న ఆటపేరు. అరబ్బీలో అలాంటి పేరు పొసగదు, ‘అబ్దుల్’ చివర ఒకసారి, ‘అల్‌హజ్రెడ్’ మొదట ఒకసారి ‘అల్’ రెండుసార్లు పడుతుంది.

గోరింట: మరి లాటిన్‌లోకి అనువదించిన ఓలస్ వార్మియస్? డెన్మార్క్ వైద్యుడు, నిజంగా బతికిన మనిషి. మనిషి నిజమైతే పుస్తకం అబద్ధం ఎలా అవుతుంది?

నల్లమల: ఆ వైద్యుడు పుట్టింది 1588లో. లవ్‌క్రాఫ్ట్ చెప్పిన అనువాదం 1228 నాటిది. పుట్టకముందు 360 ఏళ్ల కిందట అనువదించాడా?

గోరింట: ఒకే పేరుతో ఇద్దరుండకూడదా? మా వీధిలోనే ముగ్గురు వెంకటేశ్వర్లున్నారు.

కొత్తచిగురు: లైబ్రరీ కేటలాగుల్లో కార్డులున్నాయని విన్నాను?

నల్లమల: ఆకతాయిలు దూర్చిన దొంగ కార్డులవి.

గోరింట: నా దగ్గర పుస్తకమే ఉంది. సైమన్ పేరుతో వచ్చింది. అందులో మర్దుక్, ఇనన్నా ఉన్నారు. వాళ్లూ కల్పనేనా?

నల్లమల: వాళ్లు మెసొపొటేమియా దేవతలే. కానీ ఆ పుస్తకం అచ్చయింది 1977లో, లవ్‌క్రాఫ్ట్ పోయిన 40 ఏళ్లకు. నిజం దేవతల పేర్లుంటే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది.

గోరింట: మళ్లీ మళ్లీ తేదీలే! మీకింత పట్టుదలెందుకు?

నల్లమల: మా తమ్ముడి వల్ల. అమెరికాలో చదివేటప్పుడు వాడికి ఇలాంటి పుస్తకమే ఒకటి దొరికింది. వెయ్యేళ్ల నాటిదని చెప్పి అమ్మారట. మొదలుపెట్టి సగంలో ఆపితే ప్రాణానికి ముప్పని వాడి భయం. నిద్ర మానేశాడు. సెమిస్టర్ పోయింది. వారం వారం ఫోన్ చేసేవాణ్ణి, నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

గోరింట: దానికి నేనేం చేశాను? మొదటి నుంచీ నన్నో తెలివితక్కువదాన్ని చేసి మాట్లాడుతున్నారు.

నల్లమల: నేనలా అనలేదండీ.

గోరింట: అనక్కర్లేదు, తెలుస్తోంది. అమ్మ పోయిన ఏడాది నాకు రాత్రుళ్లు కునుకు పట్టేది కాదు. దీపం పెట్టుకుని ఆ ఇనన్నా మంత్రం చదువుకుంటే మనసు కుదుటపడేది. ఎవరు రాస్తే నాకేం? నాకు దొరికిన ఊరట కల్పన కాదు.

నల్లమల: కాదనను. చదువుకోండి. నా గొడవ వాడికి అమ్మినవాళ్లతో. ఇది కథల్లోంచి పుట్టిందని ఒక్క మాట చెప్పి ఉంటే వాడు అంత భయపడేవాడు కాదు.

గోరింట: ఆ మాట నాకు చెప్పి ఉంటే నేను కొనేదాన్నే కాదు.