సోమశిల నుంచి కయాక్‌లో పోయి, గుట్టెక్కి, అదే రోజు వాపస్: మా ప్లాన్ సరిపోతదా?

పాలమూరు నడక బ్యాచ్

డిసెంబరు చివరి ఆదివారం తొమ్మిది మందిమి కొల్లాపూర్ దగ్గరి సోమశిల పోదామనుకుంటున్నం. రేవులో కయాక్‌లు దింపి, శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో కిందికి తెడ్డేసుకుంట పోయి, నల్లమల దిక్కు ఒడ్డున ఒక గుట్ట కింద ఆపి, ఎక్కి దిగి, పొద్దుగూకక ముందే రేవుకు రావాలె. మ్యాప్‌లో కొలిస్తే నీటి మీద ఒకవైపు 6 కిలోమీటర్లు. గుట్ట నీటి మట్టం నుంచి 300 మీటర్ల ఎత్తు, నడక 3 కిలోమీటర్లు. బాట ఉన్నట్టు మ్యాప్‌లో కనపడుతలేదు.

రెండు సీట్ల సిట్-ఆన్-టాప్‌లు (లోపల కాకుండ మీద కూసునే గట్టి కయాక్‌లు) మూడు, గాలి కొట్టే రెండు సీట్ల కయాక్ ఒకటి, సింగిల్ ఒకటి కిరాయికి దొరికినయి. ఐదుగురికి ఈత వచ్చు. ఇద్దరు కయాక్ ఎక్కుడు ఇదే మొదలు. పాలమూరులో పొద్దున 5కు బయలెల్లి 8 గంటలకు నీళ్ల మీద ఉండాలని లెక్క. టైం సరిపోతదా? పర్మిషన్ ఎవరిది కావాలె? ఇంకేమన్న మర్చిపోయినమా?

కృష్ణ ఒడ్డు

8 గంటలకు దిగితే సరిపోదు. లెక్క చూడండి.

కొత్తవాళ్లున్న గుంపు గంటకు 4 కిలోమీటర్లకు మించి పోదు, అది కూడా గాలి లేనప్పుడు. 6 కిలోమీటర్లకు గంటన్నర. ఫొటోలు, నీళ్లు తాగడం, వెనకబడ్డవాళ్ల కోసం ఆగడం కలిపితే రెండు గంటలు. ఒడ్డుకు చేరి కయాక్‌లు పైకి లాగి, కట్టి, బూట్లు మార్చుకునే సరికి ఇంకో అరగంట. నడక లెక్క: చదును నేల మీద గంటకు 5 కిలోమీటర్లు, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు గంట కలపాలి. మీ 3 కిలోమీటర్లకు 36 నిమిషాలు, 300 మీటర్లకు 30 నిమిషాలు. బాట లేదు కాబట్టి దాన్ని రెట్టింపు చేయండి, రెండు గంటల పది నిమిషాలు. దిగడానికి గంటన్నర. పైన కూర్చుని తినడానికి అరగంట. 8కి దిగితే మళ్లీ నీళ్ల మీదికి వచ్చేది 2:40కి. డిసెంబరు చివర సూర్యాస్తమయం 5:50 ప్రాంతంలో. చూడటానికి మూడు గంటలు చేతిలో ఉన్నట్టే ఉంటుంది, కానీ ఆ మూడు గంటలూ గాలివే.

ఇక్కడ కృష్ణను నది అనుకోకండి. రిజర్వాయర్ నిండితే కిలోమీటర్ల వెడల్పు నీరు, అడ్డం ఏమీ ఉండదు. పొద్దున అద్దంలా ఉంటుంది. ఎండెక్కాక గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి అలల మీద తెల్ల నురగ కనిపిస్తుంది. నురగ మొదలైందంటే కొత్తవాళ్లు నీటి మీద ఉండకూడదు. చలికాలం గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచే కాబట్టి వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, అదొక్కటే మీకు కలిసొచ్చేది.

అందుకని ముందురోజు రాత్రికే సోమశిల చేరండి. టూరిజం వాళ్ల హరిత కాటేజీలు అక్కడే ఉన్నాయి. 6:45కి వెలుతురు రాగానే దిగండి. మంచు కమ్మి ఉంటే మాత్రం అవతలి ఒడ్డు కనపడేదాకా ఆగాల్సిందే. ఎక్కడున్నా సరే 11:15కి గుట్ట మీద నుంచి వెనక్కి తిరగండి. శిఖరం 50 మీటర్లలో ఉన్నా తిరగండి.

నల్లమల దారి

టైం సంగతి తర్వాత, ముందు పర్మిషన్ మాట్లాడుకుందాం. మీరు చెప్పే ఒడ్డు అమ్రాబాద్ టైగర్ రిజర్వు దిక్కు. నీళ్లలో నుంచి వచ్చి దిగినా, గేటు నుంచి పోయినా ఒకటే లెక్క. అనుమతి లేకుండా లోపల అడుగు పెడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. అవతలి ఒడ్డుకు పోతే ఆంధ్ర, అది నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు, అక్కడ వేరే ఆఫీసు, వేరే అనుమతి. "మాకెవరూ అడ్డం రాలే" అని చెప్పెటోళ్ల మాట పట్టుకోకండి.

చేయాల్సింది: గుట్ట అక్షాంశ రేఖాంశాలు, దిగే చోటు, మనుషుల పేర్లు, తేదీ రాసి నాగర్‌కర్నూల్ డీఎఫ్ఓ (జిల్లా అటవీ అధికారి) ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. ఆ గుట్ట కోర్ ఏరియాలోనా (పులుల కోసం విడిచిన నడి అడవి), బఫర్‌లోనా (దాని చుట్టూ ఉండే అంచు అడవి), అడవి బయటనా అనేది వాళ్లే చెప్తరు. కోర్ అయితే ఆశ వదులుకోండి. బఫర్ అయితే గార్డునో, చెంచు గైడునో వెంట పెట్టి పంపే వీలుంటది. గైడు వస్తే మీకు సీటు లెక్క మారుతది, అది గుర్తుంచుకోండి.

అనుమతి రాకపోతే పొద్దున సోమశిల చుట్టుపక్కల మూడు గంటలు కయాకింగ్ చేసి, బండ్లలో అచ్చంపేట దిక్కు పోయి ఉమామహేశ్వరం ఎక్కండి. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటరు దాన్ని. కొండ చరియ కింద గుడి, పాపనాశనం ఊట, పై నుంచి చూస్తే మైదానమంతా కనపడతది. మీరు వెతికే ఒంటరి గుట్ట కాదు గానీ, ఆ రోజు మాత్రం పాడు కాదు.

ఇంకొకటి, ఎవరూ అడగనిది: ఒడ్డున దిగుడు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు ఆ దగ్గరల్లో ఉన్నప్పుడు కయాక్ ముక్కు రాళ్లకో, చెట్లకో తగులుతది, దిగి నడుచుడే. మట్టం పది పదిహేను అడుగులు దిగితే ఒడ్డుకూ నీళ్లకూ మధ్య ఒండ్రు తేలుతది. పైన ఎండి పగుళ్లు ఇచ్చి గట్టిగనే కనపడతది, కాలు పెడితే మోకాలు దాకా దిగుతది. ఒక కాలు లాగితే ఇంకోటి ఇంకింత లోపలికి పోతది, చెప్పు లోపలే ఉంటది. దిగేముందు కయాక్‌లో కూసోనే తెడ్డును నిలువుగ గుచ్చి చూడండి. జానెడు కన్నా ఎక్కువ దిగితే అక్కడ దిగొద్దు. వాగు వచ్చి కలిసే మూల కన్నా రాతి ముక్కు పొడుచుకొచ్చిన చోటు నయం, వాగు మూలలోనే ఒండ్రు ఎక్కువ పేరుకుంటది. అయినా దిగబడ్డరంటే నిలబడి కొట్లాడకుండ కయాక్ మీద బోర్లా పడి కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి మెల్లగ గుంజుకోండి.

డ్యాం మట్టం రోజూ పేపర్లో వస్తది. పోయే వారం మొత్తం రాసుకోండి, ఎటు పోతుందో తెలుస్తది.

తెడ్డుపని

పైన "వచ్చేటప్పుడు గాలి తోస్తుంది, కలిసొస్తుంది" అన్నారు. సగమే నిజం. వెనక గాలిలోనే కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడతారు. అల వెనక భాగాన్ని లేపి పక్కకు నెడుతుంది, కయాక్ అలకు అడ్డం తిరుగుతుంది, తర్వాతి అల కొట్టేస్తుంది. విరుగుడు: బరువు సామాను వెనక పెట్టండి. స్కెగ్ (కయాక్ తిన్నగా పోయేలా వెనక అడుగున ఉండే రెక్క) ఉంటే తప్పకుండా తగిలించండి. వెనక కూర్చున్నవాళ్లు అల లేపుతున్నప్పుడు తెడ్డును చుక్కానిలా నీళ్లలో ఆనించి పట్టాలి, ముందున్నవాళ్లు మాత్రం ఆపకుండా వేస్తూ ఉండాలి. ఇద్దరూ ఆపేస్తే అడ్డం తిరగడం ఖాయం.

ఇద్దరు కొత్తవాళ్లను ఒకే కయాక్‌లో వేయకండి. చెరొక దాంట్లో ముందు సీటు, వెనక సీటు తెలిసినవాళ్లది. సింగిల్ అందరికన్నా బాగా వచ్చినవాళ్లకు, వాళ్లు గుంపులో చివరన ఉండాలి. వాళ్ల దగ్గర 15 మీటర్ల తేలే తాడు. అందరికన్నా మెల్లగా పోయే కయాక్ ముందుండాలి. వేగంగా పోయేవాళ్లు ముందుంటే అరగంటలో గుంపు కిలోమీటరు పొడవు సాగుతుంది.

గాలి కొట్టే కయాక్ గురించి విడిగా చెప్పాలి. పొద్దున చల్లటి నీళ్లలో దించగానే లోపలి గాలి కుంచించుకుని మెత్తబడుతుంది. పది నిమిషాలు తిరిగి ఒడ్డుకు తెచ్చి ఇంకొన్ని దెబ్బలు పంపు కొట్టండి. అసలు ప్రమాదం దీనికి రివర్స్: మీరు గుట్టెక్కినప్పుడు అది నాలుగు గంటలు ఎండలో రాతి మీద పడి ఉంటుంది. గాలి వ్యాకోచించి కుట్టు దగ్గర విచ్చుకుంటుంది. వచ్చి చూస్తే తొమ్మిది మందికి ఏడు సీట్లే. కాబట్టి వదిలి వెళ్లేముందు ప్రతి అరలోనూ నొక్కితే వేలు దిగేంత గాలి తీసేయండి, నీడలోకి లాగండి. పంపు, అతుకు సామాను కయాక్‌తోనే ఉండాలి, కారులో కాదు.

లైఫ్ జాకెట్ ఈత వచ్చినవాళ్లకూ తప్పదు. వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాకా లేస్తే పట్టీలు వదులు, నీళ్లలో అది మనిషిని వదిలి తేలుతుంది. 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగిన సంగతి అక్కడి ఊళ్లకు ఇంకా గుర్తే. రేవులో జాకెట్ లేకుండా మిమ్మల్ని చూస్తే పడవలవాళ్లే తిడతారు.

బయలుదేరే ముందు రేవు పక్కన ఛాతీ లోతులో ప్రతి జంటా ఒకసారి కావాలని బోల్తా కొట్టి మళ్లీ ఎక్కాలి. బోర్లా పడ్డ కయాక్ అవతలి అంచును కింది నుంచి పట్టుకుని మీ వైపు లాగితే తిరుగుతుంది. తర్వాత మధ్యలో రెండు చేతులూ వేసి, కాళ్లు నీటి పైకి వచ్చేలా తన్నుతూ పొట్ట మీద పడాలి. ఆపై వెల్లకిలా తిరిగి కూర్చోవాలి. కాళ్లు కిందికి వేలాడుతుంటే ఎంత బలమున్నా ఎక్కలేరు, కయాకే మళ్లీ మీ మీదికి తిరుగుతుంది. తొమ్మిది మందికి ఇది 40 నిమిషాల పని. ముందురోజు సాయంత్రమే కానివ్వండి.

పాలమూరు నడక బ్యాచ్

ముందురోజే పోతం, దరఖాస్తు సోమవారం ఇస్తం. ఒక మరబోటు వెంట మాట్లాడుకుంటే ఇజ్జత్ తక్కువ అంటున్నరు మావోళ్లు. అవసరమా? గుట్ట మీద ఏం చూసుకోవాలె?

నల్లమల దారి

ఇజ్జత్ సంగతి ఒడ్డున మాట్లాడుకోండి. నలుగురికి ఈత రాదన్నరు కదా, బోటు కావాలె. వెంబడే రావల్సిన పని లేదు. మధ్యాహ్నం 12:30కల్లా గుట్ట కింద ఉండి, గాలి ముదిరితే మనుషులను ఎక్కించుకుని కయాక్‌లను తాడుతో గుంజుకొచ్చేటట్టు మాట్లాడుకోండి. లోపల సెల్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, టైం ముందే ఖాయం చేసుకోండి.

గుట్ట మీద మూడు సంగతులు. మొదటిది దూలగొండి. చలికాలంలో కాయలు ఎండి తీగల మీద వేలాడతయి. కాయ మీది బంగారు రంగు నూగు గాలికి రాలినా సాలు, మెడ, చేతులు మండుతయి. గీకితే నూగు లోపలికి పోతది, నీళ్లు పోసి రుద్దితే పక్కలకు పాకుతది. అంటుకునే టేపు చర్మం మీద అతికి గుంజండి, నూగు టేపుకు వస్తది, కడుగుడు ఆ తర్వాతనే. నిండు చేతుల చొక్కా ఎండ కోసం కాదు, దీని కోసం.

రెండోది కొండ తేనెటీగలు. రాతి చరియల కింద పెద్ద తుట్టెలుంటయి. సెంటు, పొగ, అరుపులు, డ్రోన్ వద్దు. లేచినయంటే నీళ్లలో దూకుడు కాదు, అవి పైననే తిరుగుతయి. గుడ్డ ముఖానికి చుట్టుకుని చెట్ల గుబురులోకి ఉరకండి.

మూడోది ఎలుగుబంటి. గుహ మూతి దగ్గర, చెదల పుట్టలు తవ్వి ఉన్న చోట ఆగొద్దు. ముందు నడిచేటోడు మాట్లాడుకుంటనే నడవాలె. పిల్లి అడుగులేస్తే ఎదురుంగ పడేది అప్పుడే.

మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, అందులో ఒకటి దిగి వచ్చేటోళ్ల కోసం కయాక్‌లోనే వదలండి. మీదెక్కినంక ఊట దొరుకుతదని పోవద్దు. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు టైగర్ రిజర్వులో నిషేధం, స్టీలు సీసాలు తీస్కపోండి.

కృష్ణ ఒడ్డు

వెనక గాలి మీద తెడ్డుపని గారు చెప్పినదే సరి, నేను తేలిగ్గా తీసేశాను.

నీటి మీద ఇంకో రెండు మిగిలాయి. ఎల్లూరు దగ్గర రేగుమానుగడ్డ కల్వకుర్తి ఎత్తిపోతల పంపుల వైపు ఊరికే చూసొద్దామని కూడా పోకండి. పంపులు నడుస్తుంటే కాల్వ మూతిలో నీరు లోపలికి లాగుతుంది, పైకి మాత్రం నిమ్మళంగా కనపడుతుంది.

రెండోది వలలు. వరుసగా తేలే తెల్ల బెండ్లు, ఖాళీ సీసాలు కనపడితే కింద వల ఉన్నట్టే. రెండు బెండ్ల మధ్య నుంచి దాటుతూ, తెడ్డు ఆపి, స్కెగ్ పైకి లేపి జారిపోండి. చిక్కుకుంటే కత్తి తీయకండి. వెనక్కి రెండు తెడ్లు వేస్తే చాలాసార్లు అదే వదులుతుంది. తప్పనిసరై కోస్తే రేవులో ఎవరి వలో అడిగి డబ్బు కట్టండి. మీకు బోటు ఇచ్చేది, గాలి ముదిరితే వెతుక్కుంటూ వచ్చేది వాళ్లే.